టెయిలింగ్స్ చెరువు బాధ్యత తీసుకున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, బంగారు మిల్లు ఒకటి, దాని వెనకున్న టెయిలింగ్స్ చెరువు, అంటే బంగారం తీశాక మిగిలిన రాతిపొడి బురదను నిలిపే చెరువు, నీ పరిధిలోకి వచ్చాయని చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. "సైనైడ్ అన్న మాట వింటేనే టెన్షన్‌గా ఉంది పెదనాన్నా, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు" అన్నావు. ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నేను ఎనిమిదేళ్లు మిల్లు ల్యాబులో, ఆ తర్వాత రిటైరయ్యేదాకా నీలాగే కాలుష్య తనిఖీల ఉద్యోగంలో గడిపినవాణ్ణి. అటూ ఇటూ చూశాక నాకు గట్టిగా అర్థమైంది ఒకటుంది. చెరువును శుభ్రం చేయించే పని గని నడుస్తుండగానే, బంగారం అమ్ముడవుతుండగానే, మేనేజరు నీ ఫోన్ ఎత్తుతుండగానే మొదలవ్వాలి. మూతపడ్డాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఎదురుగా నిలబడి మాట్లాడేవాడే ఉండడు.

ముందు భయం సంగతి చెబుతాను. సైనైడ్ పాదరసంలాగా ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకుపోయే విషం కాదు. మన తూర్పుగోదావరి వైపు సగ్గుబియ్యం చేసే కర్రపెండలం దుంపలోనూ సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. కొద్దిపాటిదైతే మన శరీరమే దాన్ని థయోసైనేట్‌గా మార్చి బయటికి పంపేస్తుంది. మోతాదు దాటిందా, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకని భయపడాల్సిన చోట భయపడాలి, మిగతా చోట లెక్క చూసుకోవాలి.

ఆ లెక్కలో మొదటిది పీహెచ్. మిల్లులో బంగారాన్ని కరిగించి తీయడానికి రాతిపొడిని సోడియం సైనైడ్ నీళ్లతో కలిపేటప్పుడు సున్నం దండిగా వేసి పీహెచ్‌ను 10.5 దాకా ఉంచుతారు. పీహెచ్ తగ్గి 9.3కి వస్తే సైనైడ్‌లో సగం హైడ్రోజన్ సైనైడ్ రూపంలోకి మారిపోతుంది. ఇంకా తగ్గి 8కి వచ్చిందంటే దాదాపు అంతా అదే. అది 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన ఎండల్లో ఆ వేడి ఎంతసేపు? అదే గాలిలోకి లేచే విషవాయువు. చెరువులో నీళ్లు ఎండకూ గాలికీ ఆరి సైనైడ్ తగ్గిపోవడం వెనక ఉన్నది ఇదే. మిల్లు షెడ్డులో, ట్యాంకు మూత దగ్గర మనిషి కుప్పకూలిపోవడం వెనక ఉన్నదీ ఇదే. కాబట్టి గేటు లోపలికి అడుగుపెట్టగానే పీహెచ్ రిజిస్టరు అడుగు. రాత్రి షిఫ్టులో సున్నం తగ్గించారేమో ఆ పుస్తకమే చెబుతుంది. చేదు బాదం వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోకు. ఆ వాసన పుట్టుకతోనే తెలియనివాళ్లు చాలామంది ఉంటారు, నువ్వూ అందులో ఉండొచ్చు. గ్యాస్ డిటెక్టరు లేకుండా షెడ్డులోకి వెళ్లకు, ఒంటరిగా అసలు వెళ్లకు. మిల్లు ఫస్ట్ ఎయిడ్ గదిలో విరుగుడు మందుల పెట్టె తెరిపించి, గడువు తేదీ నీ కళ్లతో చదువు.

ఇక శాంపిల్ సంగతి. ఇది కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడే నావల్ల ఒక తప్పు జరిగింది.

తనిఖీల ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక మిల్లు దగ్గర కట్ట దిగువన ఊటనీరు సన్నగా కాలవలోకి పోతోంది. మధ్యాహ్నం పూట, కడిగిన మామూలు సీసాలో నీళ్లు పట్టుకుని, జీపు వెనక సీటు కింద పెట్టి, మర్నాడు సాయంత్రానికి ల్యాబుకు చేర్చాను. 'సైనైడ్ లేదు' అని రిపోర్టు వచ్చింది. సంతకం పెట్టేశాను. నెల్లాళ్లకు ఒక గొర్రెల కాపరి ఆఫీసుకు వచ్చాడు. నేను వెళ్లేసరికి ఆ కాలవ గట్టు మీద గొర్రెలు వరసగా పడి ఉన్నాయి. చచ్చిన జీవాలకు చిగుళ్లు పాలిపోయి ఉంటాయి కదా, వీటికి ఎర్రగా, అప్పుడే కోసిన మాంసంలాగా ఉన్నాయి. ఆక్సిజన్ రక్తంలోనే మిగిలిపోవడం వల్ల వచ్చే రంగు అది. ఆయన నన్ను తిట్టలేదు. ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని, "సార్, పోయిన నెల మీరే కదా నీళ్లు పట్టుకెళ్లింది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది.

జరిగిందేమిటంటే, సీసాలో క్షారం కలపలేదు. వేడికీ కుదుపుకీ, గాలి తగలడానికీ సైనైడ్ దారిలోనే ఎగిరిపోయింది. ల్యాబువాళ్లు చూసినదాంట్లో నిజంగానే ఏమీ లేదు. రెండోసారి పద్ధతిగా పట్టుకెళితే పరిమితికి ఎన్నో రెట్లు వచ్చింది.

అందుకే ఇది మర్చిపోకు. శాంపిల్ పట్టిన చోటే సోడియం హైడ్రాక్సైడ్ పలుకులు వేసి పీహెచ్ 12 దాటించాలి. వెలుతురు చొరబడని సీసాలో అంచుదాకా నింపి, మూత బిగించి, మంచులో పెట్టి 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. రొయ్యలు ఎగుమతి చేసే థర్మకోల్ పెట్టెలు ఉంటాయి చూడు, వాటికి మించినవి లేవు. అలా దాస్తే 14 రోజుల దాకా నిలుస్తుంది. అయినా రెండు రోజుల్లోనే పరీక్ష చేయించు. మిల్లువాళ్లు అప్పుడే బ్లీచింగ్ చల్లి ఉంటే, నీళ్లలో మిగిలిన క్లోరిన్ సీసాలోనే సైనైడ్‌ను తినేస్తుంది. స్టార్చ్ అయొడైడ్ కాగితం ముంచితే నీలిరంగు వచ్చి ఆ సంగతి బయటపడుతుంది. ముందు ఆ క్లోరిన్‌ను ఆస్కార్బిక్ ఆమ్లంతో విరగ్గొట్టి, తర్వాతే క్షారం కలుపు. శాంపిల్ తీసే వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తీయి. ఇనుముతో కలిసి గట్టిగా ముడిపడ్డ సైనైడ్ చీకట్లో కదలదు, ఎండ తగిలితే విడిపోతుంది. ఒక్కోసారి ఒకే కాలవలో రెండు పూటలా రెండు రకాల నీళ్లు కనపడతాయి.

చట్టం కూడా చూసుకో. 1974 నాటి నీటి కాలుష్య చట్టంలో 21వ సెక్షను శాంపిల్ తీసే పద్ధతి చెబుతుంది. అవతలివాళ్లకు నోటీసు ఇవ్వాలి, వాళ్ల ఎదుటే శాంపిల్‌ను రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇందులో ఏది తప్పినా కోర్టులో ఆ సీసాకు విలువ ఉండదు. నీకోసం, నిజం తెలుసుకోవడం కోసం తీసే శాంపిళ్లు వేరు. అవి ఎన్నైనా తీసుకో, కానీ కేసు కట్టే శాంపిల్ మాత్రం అక్షరం తప్పకుండా తీయాలి.

రిపోర్టులో మూడు పేర్లు కనపడతాయి. ఫ్రీ సైనైడ్, వ్యాడ్ సైనైడ్, టోటల్ సైనైడ్. విడిగా తిరిగేది ఫ్రీ. దానికి రాగి, జింకు, నికెల్‌తో వదులుగా ముడిపడి, కొంచెం ఆమ్లం తగిలితే విడిపోయే సైనైడ్ కలిపితే వ్యాడ్. ఇనుము, కోబాల్టుతో గట్టిగా ముడిపడ్డది కూడా కలిపితే టోటల్. చేపను చంపేది ఫ్రీ. కొంగ కడుపులో ఆమ్లం తగిలి విడిపోయేది కూడా లెక్కలోకి రావాలి కాబట్టి పక్షులకు వ్యాడ్ చూస్తారు. ఏళ్ల తర్వాత ఎండలో బయటపడేది టోటల్‌లో దాక్కుని ఉంటుంది. మిల్లువాళ్లు నీ ముందు పెట్టే కాగితంలో 'సైనైడ్' అని మాత్రమే ఉంటే, ఏ సైనైడ్ అని అడగాలి. చిన్న ప్రశ్నే, కానీ అడగని ఆఫీసర్లను నేను చాలామందిని చూశాను.

పరిమితులు కూడా ఒకదానికొకటి కలిపేయకు. మన పర్యావరణ నిబంధనల ప్రకారం వాగులోకో నదిలోకో వదిలే నీళ్లలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగునీటి భారతీయ ప్రమాణం 0.05. అంతర్జాతీయ సైనైడ్ కోడ్ అని 2002లో వచ్చిన స్వచ్ఛంద ఒప్పందం ఒకటుంది. చెరువులో తెరిచి ఉన్న నీళ్లలో వ్యాడ్ సైనైడ్ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే పక్షులకు ముప్పు అని అది అంటుంది. యూరప్‌వాళ్లు ఇంకా ముందుకెళ్లారు. చెరువులోకి వదిలే చోటే 2008లో 50, 2013లో 25, 2018 నుంచి 10 అని మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ వచ్చారు. మిల్లువాళ్లు 50 చూపించి "మేం అంతర్జాతీయ ప్రమాణంలోనే ఉన్నాం" అంటే, అది చెరువు లోపలి లెక్క అని, కట్ట దాటిన చుక్కకు 0.2 అని మర్యాదగానే చెప్పు. కన్సెంట్, అంటే మిల్లు నడపడానికి మీ శాఖ ఇచ్చే అనుమతి, రెన్యూవల్‌కు వచ్చినప్పుడు, చెరువులోకి వెళ్లే ముందే సైనైడ్‌ను విరగ్గొట్టాలన్న షరతు రాయించు. సల్ఫర్ డయాక్సైడ్, గాలి, కొంచెం రాగి కలిపి చేసే పద్ధతి దశాబ్దాలుగా పనిచేస్తోంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనూ చేస్తారు. దానికి ఖర్చవుతుంది, అవనీ. అయితే సైనైడ్ విరిగాక అమ్మోనియా, నైట్రేటు మిగులుతాయి. అమ్మోనియా కూడా చేపలకు విషమే. సైనైడ్ సున్నా అని రిపోర్టు వచ్చిన రోజున ఆ రెండింటి సంగతీ అడుగు.

ఇప్పుడు చెరువు. నువ్వు సీమలో పుట్టి పెరిగినదానివి, చెరువు కట్ట అంటే ఏమిటో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. అలుగు ఎక్కడుంది, తూము ఎక్కడుంది, కట్టకు ఎలుక బొరియలు పడ్డాయా, కింద ఊట తేటగా వస్తోందా మట్టి రంగులో వస్తోందా, ఇవన్నీ మీ తాత నీ చెయ్యి పట్టుకుని చూపించినవే. టెయిలింగ్స్ చెరువుకూ అవే చూడు. ఒక్క తేడా ఉంది. ఊరి చెరువు కట్ట ఒకేసారి కడతారు. దీని కట్టను మాత్రం మిల్లు నడిచినన్నాళ్లూ ఏటేటా ఎత్తు పెంచుతూ పోతారు, చాలాచోట్ల అదే టెయిలింగ్స్ ఇసుకతో. ఇంకొకటి, చాలావాటికి అలుగు ఉండదు. నీళ్లన్నీ తిరిగి మిల్లుకే పంపు చేస్తాం, బయటికి చుక్క పోదు అంటారు. వినడానికి బాగుంటుంది.

రుమేనియాలో బైయా మారె దగ్గర బంగారు మిల్లువాళ్లు చెప్పిందీ అదే. 2000 జనవరి 30 రాత్రి. మంచు కరిగింది, పైనుంచి వాన పడింది. చెరువులోకి వచ్చే నీళ్లు ఎక్కువయ్యాయి, పోయే దారి లేదు. కట్టకు గండి పడి దాదాపు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీళ్లు బయటపడ్డాయి. చిన్న వాగు నుంచి సోమెష్‌లోకి, అక్కడి నుంచి హంగరీలో తీసా నదిలోకి, చివరికి డాన్యూబ్‌లోకి వెళ్లాయి. హంగరీలో వెయ్యి టన్నులకు పైగా చేపలు తేలాయి. యూరప్ చట్టం వెనక ఆ రాత్రి ఉంది. నాకు మరీ బాధ కలిగించే సంగతి ఇంకొకటి. ఆ ప్రాజెక్టు మొదలైందే పాత టెయిలింగ్స్ దిబ్బల్ని ఊరి దగ్గర నుంచి తొలగించి, వాటిలో మిగిలిన బంగారం తీసుకుని, దుమ్ము బాధ లేకుండా చేస్తామని. శుభ్రం చేయడానికి వచ్చిన పనే మూడు దేశాల నదుల్ని ముంచింది. దీన్ని గుర్తుపెట్టుకో, కోలార్ మాట వచ్చినప్పుడు మళ్లీ చెబుతాను.

కాబట్టి నీళ్ల జమాఖర్చు అడుగు. వాన ఎంత, మిల్లు నుంచి వచ్చేది ఎంత, ఆవిరయ్యేది ఎంత, తిరిగి పంపు చేసేది ఎంత, రోజువారీగా. సగటు వాన చూపిస్తే ఒప్పుకోకు. మన వైపు ఏడాది వాన నాలుగు రోజుల్లో కురిసిన ఏళ్లు నీకు తెలుసు. తుఫాను వచ్చి, అదే రోజు కరెంటు పోయి, పంపులు ఆగితే నీటిమట్టం కట్ట అంచుకు ఎంత కిందికి నిలుస్తుందో లెక్క కట్టి చూపించమను. కట్ట మీద మీటరు స్కేలు పాతించి, ప్రతి ఉదయం ఫోటో తీసి పంపమను.

కట్ట దిగువన నడవడం మానకు. 1995 ఆగస్టులో గయానాలో ఒమాయ్ గని కట్ట తెగింది. లోపలి నుంచే మట్టి కొద్దికొద్దిగా కొట్టుకుపోయి, అర్ధరాత్రి వేళ నీళ్లు పోతుంటే మొదట చూసింది ఒక లారీ డ్రైవరు. లక్షల ఘనపు మీటర్ల సైనైడ్ నీళ్లు ఎసెక్విబో నదిలోకి దారితీశాయి. చూసే కన్ను ఇంజనీరుదే కానక్కర్లేదమ్మా. అక్కడి వాచ్‌మన్‌తో, గడ్డి కోసుకునే ఆడవాళ్లతో మాట్లాడు. ఊట ఎప్పుడు మొదలైందో, ఏ నెలలో పెరిగిందో వాళ్లకు తెలుస్తుంది. ఊటనీరు తగిలిన రాళ్ల మీద నీలిరంగు మరకలు కనపడితే అక్కడ ఆగు. ఇనుమూ సైనైడూ కలిస్తే వచ్చే రంగు అది. చాకుతో కొంచెం గీకి కవర్లో వేసుకో.

ఒకవేళ నీళ్లు వాగులో పడ్డాయని ఫోన్ వస్తే, వెంటనే ఎవరో ఒకరు బ్లీచింగ్ పౌడర్ బస్తాలు తెప్పిస్తారు. వాగులో చల్లనివ్వకు. క్లోరిన్ కూడా చేపను చంపుతుంది, పీహెచ్ సరిగా లేకపోతే అంతకంటే పాడు వాయువు పుడుతుంది. సైనైడ్ కోడ్ కూడా పారే నీళ్లలో హైపోక్లోరైట్, ఫెర్రస్ సల్ఫేట్, పెరాక్సైడ్ వేయొద్దనే చెబుతుంది. నీళ్లు పోయే దారికి అడ్డుకట్ట వేయించు, దిగువ ఊళ్లలో దండోరా వేయించు, పశువుల్ని ఆపించు, ట్యాంకర్లతో తాగునీళ్లు పంపించు, గంట గంటకూ శాంపిల్ తీయించు. ఆ ఊళ్ల సర్పంచుల నంబర్లు ఈ వారంలోనే రాసిపెట్టుకో.

అసలు విషయానికి వస్తున్నాను. మా మేనత్త వాళ్లు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఆండర్సన్‌పేటలో ఉండేవాళ్లు. ఎండాకాలం సెలవులకు కుప్పం నుంచి రైల్లో వెళ్లేవాణ్ణి. దూరం నుంచే తెల్లగా, కొండల్లాగా సైనైడ్ దిబ్బలు కనపడేవి. సాయంత్రం గాలి లేచిందంటే అత్తయ్య పరుగున వచ్చి తీగ మీది బట్టలన్నీ లాగేసేది. అయినా దిండు గలీబు మీద ముగ్గుపిండి జల్లినట్టు సన్నటి పొడి. పిల్లలం దాని మీద వేలితో పేర్లు రాసుకునేవాళ్లం. అన్నం కుండ మీద మూత తీసి, ఉఫ్ అని ఊది, అప్పుడు వడ్డించేది. ఎవరికీ అది వింతగా అనిపించేది కాదు.

1880 నుంచి 120 ఏళ్లకు పైగా తవ్వి, దాదాపు 800 టన్నుల బంగారం తీసి, 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూశారు. దాదాపు 3.3 కోట్ల టన్నుల రాతిపొడి, 13 దిబ్బలుగా, వెయ్యి ఎకరాల మీద అలాగే ఉంది. పాతికేళ్ల ఎండకు పైపైన ఫ్రీ సైనైడ్ నిలవదు. కానీ పొడిలో ఉన్న సిలికా ఎక్కడికీ పోదు, ఆర్సెనిక్ లాంటివీ ఎక్కడికీ పోవు. వాన పడితే ఆ పొడి కొట్టుకుపోయి కాలవల్లోకి దిగుతుంది. అక్కడి నీళ్లు పారేది పాలారు వైపు. పాలారు మన కుప్పం మీదుగానే తమిళనాడుకు వెళుతుంది. పేరులో సైనైడ్ ఉంది కదా అని అందరూ సైనైడ్ ఒక్కటే కొలుస్తారు. చెరువు ముసలిదైన కొద్దీ ముప్పు చేతులు మారుతుంది తల్లీ. మొదట సైనైడ్, తర్వాత దుమ్ము, ఆ తర్వాత సల్ఫైడ్ రాయి గాలికి పుల్లబడి కరిగించే లోహాలు. నీ షరతుల్లో ఈ మూడూ ఉండాలి.

2024 జూన్‌లో ఆ దిబ్బల్ని మళ్లీ తవ్వి బంగారం తీసే ప్రతిపాదనకు కర్ణాటక ప్రభుత్వం ఒప్పుకుంది. ఉద్యోగాలు వస్తాయని అక్కడివాళ్లు ఆశగా ఉన్నారు, ఆ ఆశను నేను కాదనను. కానీ తిరిగి తీయడమంటే తిరిగి సైనైడ్ కలపడమే. 3.3 కోట్ల టన్నుల పొడి తవ్వాక కూడా 3.3 కోట్ల టన్నులే ఉంటుంది, కొత్తగా తడిసి, కొత్త చోటుకు చేరుతుంది. ఆ కొత్త చోటుకు కింద నీళ్లు ఇంకనివ్వని లైనర్ పొర, పైన మూత, పక్కన అలుగు, చుట్టూ పరీక్ష బోర్లు ముందే ఉంటే అది శుభ్రం చేయడం అవుతుంది. లేకపోతే బైయా మారె అవుతుంది. నీ దగ్గరికి రేపు ఇలాంటి దరఖాస్తు వస్తే ఈ ఒక్క ప్రశ్నతో చదువు: ఆఖరి పొడి ఎక్కడ పడుకుంటుంది?

డబ్బు సంగతి చూడు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో సమ్మిట్‌విల్ అనే బంగారు గని 1986లో మొదలై, 1992 డిసెంబరులో దివాలా తీసింది. కొండ మీద సైనైడ్ నీళ్లు నిండుగా ఉన్నాయి, నడిపేవాడు లేడు. కేంద్ర పర్యావరణ సంస్థ రాత్రికి రాత్రి పంపుల బాధ్యత తీసుకోవాల్సి వచ్చింది. కంపెనీ కట్టిన పూచీ సొమ్ము ఏ మూలకూ చాలలేదు, శుభ్రం చేయడానికి 15 కోట్ల డాలర్లకు పైగా ప్రజల డబ్బు పోయింది. మన దగ్గర 2017 ఖనిజ సంరక్షణ నిబంధనలు, 2021 సవరణతో, వాడకంలో ఉన్న హెక్టారుకు 5 లక్షలు, చిన్న గనులకైతే 3 లక్షలు పూచీ అడుగుతాయి. 40 హెక్టార్ల చెరువుకు 2 కోట్లు. ఆ 40 హెక్టార్ల మీద మీటరు మందాన మట్టి పరచాలంటే 4 లక్షల ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఎన్ని టిప్పర్లో నువ్వే లెక్కవేసి చూడు. పూచీ నేల వైశాల్యాన్ని బట్టి ఉంది, అందులో ఉన్న విషాన్ని బట్టి లేదు. ఆ నిబంధన చూసేది గనుల శాఖ, నీ శాఖ కాదు. అయినా కన్సెంట్ షరతులు నీ శాఖ చేతిలో ఉన్నాయి. మూత వేసే పని గని నడుస్తుండగానే ముక్కలు ముక్కలుగా చేయమను. నిండిన భాగం నిండినట్టే మట్టి, రాయి పరచి, గడ్డి పట్టించి చూపిస్తేనే తర్వాతి భాగం ఎత్తు పెంచడానికి అనుమతి. ఇలా రాస్తే పూచీ సొమ్ము చాలకపోయినా మిగిలే అప్పు చిన్నదవుతుంది. పైవాళ్లు "ఇంత గట్టిగా ఎందుకు" అంటారు. ఆండర్సన్‌పేట తీసుకెళ్లి చూపించు.

బోర్ల సంగతి మర్చిపోయేవాణ్ణి. కట్టకు ఎగువన ఒకటి, దిగువన మూడు పరీక్ష బోర్లు ఉండాలి. చుట్టుపక్కల ఊళ్ల బావుల నీళ్లు ఇప్పుడే, ఈ సీజన్లోనే పరీక్ష చేయించి కాగితం ఫైల్లో పెట్టు. పదేళ్ల తర్వాత "ఈ ఉప్పదనం, ఈ ఆర్సెనిక్ ముందు నుంచీ ఉన్నదే" అంటారు. అప్పుడు ఆ కాగితం ఒక్కటే మాట్లాడుతుంది. ఫలితాలు పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాసి ఊరుకోకుండా, తాగొచ్చా, పశువులకు పెట్టొచ్చా, పొలానికి పారించొచ్చా అని మూడు ముక్కలు రాయి.

మిల్లు మనుషుల్ని శత్రువులుగా చూడకు. నేను ల్యాబులో ఉన్నప్పుడు మాలో చాలామందికి చెరువు గురించి దిగులుండేది, అడిగేవాళ్లే లేరు. ల్యాబు కుర్రవాళ్లతో టీ తాగు. రిజిస్టరులో లేని మాట అక్కడ వినపడుతుంది. విన్నమాటకు వాళ్ల పేరు మాత్రం ఎక్కడా రాయకు.

నా పాత పీహెచ్ మీటరు, ఆరు నల్ల సీసాలు, థర్మకోల్ పెట్టె రేపటి బస్సు పార్సిల్లో పంపుతున్నాను. మీటరుకు బ్యాటరీ కొత్తది వేశాను. మీటరు సరిచూసే 7, 10 పీహెచ్ బఫర్ ద్రావణాలు రెండూ పెట్టాను, వెళ్లే రోజు పొద్దున సరిచూసుకో. సోడియం హైడ్రాక్సైడ్ మీ ల్యాబులో అడిగి తీసుకో, చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోకు. పెట్టె మూత కాస్త వదులు, తాడుతో గట్టిగా కట్టు. మొదటి శాంపిల్ దిగువ కాలవలో తీయి, తెల్లవారకముందే.

మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. తనిఖీ అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చేయి.

ఆశీస్సులతో,
పెదనాన్న